పక్క సీటు

వీధిలో వాళ్ళు ఆమెను బస్సమ్మ అనేవారు, అతన్ని పళ్ళాయన అనేవారు. ఆమెది పదిహేడేళ్ళ సర్వీసు. పొద్దున్నే డెబ్బై మందిని వెనకేసుకుని సిటీ బస్సుతో రోడ్డెక్కేది. అతను ఒక ల్యాబులో కట్టుడు పళ్ళు చేస్తాడు. కిటికీ పక్క బల్ల ముందు కూర్చుని, ముక్కూ మొహం తెలియని ఎవరిదో చిగుళ్ళ అచ్చు మీద మైనం అద్ది, ఒక్కొక్క పన్నూ నిలబెట్టి, అరగదీసి, మళ్ళీ చూసుకుని, మళ్ళీ అరగదీసేవాడు. "మీ ఇంట్లో అంతా తిరగేసి ఉందే, మొగుడు కూర్చుని చేసే పని, పెళ్ళాం ఊరంతా తిరిగే పని" అని ఎవరైనా వేళాకోళమాడితే బస్సమ్మ ఊరుకునేది కాదు. "మా ఆయన పళ్ళు నూరితే జీతమొస్తుంది. మీరు నూరితే ఏమొస్తుంది?" అనేది.

ఒకరోజు సాయంత్రం డ్యూటీ దిగి, ఖాళీ బస్సును షెడ్డులో పెడుతూ బస్సమ్మ ఉన్నట్టుండి కొయ్యబారిపోయింది. బస్సు తన మానాన తను మెల్లగా పాకి, నీళ్ళ ట్యాంకు గోడకు ఆనుకుని ఆగింది. మెకానిక్కు పరిగెత్తుకొచ్చి తలుపు తీసేసరికి ఆమె కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ ఆ చూపులో మనిషి లేదు. పెదవులు చప్పరిస్తూ, యూనిఫాం చొక్కా గుండీని వేళ్ళతో తడుముతూ ఉంది. కాసేపటికి తెప్పరిల్లి, "ఏంటి, అందరూ ఇక్కడ చేరారు?" అంది.

ఏడాది కిందట డిపో మెట్ల మీద జారిపడినప్పుడు తలకు తగిలిన దెబ్బ లోపల మచ్చగా మిగిలిపోయిందనీ, దానివల్లే ఈ మూర్ఛ అనీ డాక్టరమ్మ చెప్పింది. "కింద పడి కొట్టుకునే రకం కాదు. మనిషి ఉన్నచోటే ఉంటుంది, ధ్యాస పోతుంది. మందులతో అదుపులో ఉంటుంది. ఐదు నిమిషాలు దాటితే మాత్రం ఆలస్యం చెయ్యకుండా తీసుకొచ్చెయ్యండి. ఏడాది దాకా స్టీరింగు ముట్టుకోకూడదు. లైసెన్సు ఆఫీసుకి మేం రాసి పంపిస్తాం."

"ఏడాది తర్వాత?" అంది బస్సమ్మ.

"కారు సంగతి అప్పుడు చూద్దాం. బస్సు మాత్రం మర్చిపోమ్మా."

డిపోలో ఆమెకు డ్యూటీల పట్టిక రాసే కుర్చీ ఇచ్చారు. ఎవరు ఏ రూటుకి వెళ్ళాలో రాసి, వాళ్ళు వెళ్తుంటే కిటికీలోంచి చూసేది. ఇంటికొచ్చి దాని గురించి ఒక్క మాట కూడా చెప్పేది కాదు. అదే పళ్ళాయనకు భయం వేసేది. నోరు మూసుకుని ఉండే మనిషి కాదామె.

రెండోసారి ఇంట్లోనే వచ్చింది. శనివారం మధ్యాహ్నం, కూరలు తరుగుతూ. పళ్ళాయన ఆమె చేతిలోంచి కత్తి తీసేసి, గోడకు ఆనించి కూర్చోబెట్టి గడియారం చూశాడు. మూడు నిమిషాలు. నాలుగు. వాళ్ళ ఇల్లు ఊరి చివర గుట్ట మీద. అంబులెన్సుకి ఫోను చేస్తే వస్తున్నామన్నారు. ఐదో నిమిషం దాటింది. పదమూడేళ్ళ కూతురు చిట్టి, గుమ్మం పక్క మేకుకి వేలాడుతున్న, ఇన్నాళ్ళూ అమ్మే నడిపిన కారు తాళాలు తెచ్చి తండ్రి చేతిలో పెట్టింది.

"నాన్నా, కారుందిగా! పద!"

అతను తాళాలు పట్టుకుని నిలబడ్డాడు. అంతే, నిలబడ్డాడు. చిట్టి ఒకసారి తాళాల వైపు, ఒకసారి తండ్రి మొహం వైపు చూసి, వెళ్ళి అమ్మ పక్కన కూర్చుంది. అంబులెన్సు వచ్చేసరికి నలభై నిమిషాలైంది. అప్పటికి ఫిట్సు దానంతటదే తగ్గింది కాబట్టి సరిపోయింది.

ఆ రాత్రి చిట్టి అతనితో మాట్లాడలేదు. మర్నాడు కాఫీ తాగుతూ, "నేను డ్రైవింగు నేర్చుకుంటాను" అన్నాడు పళ్ళాయన.

బస్సమ్మ గ్లాసు కింద పెట్టి అతని వైపు చూసింది. ఆ మాట వెనక ఎంత ఉందో ఆమె ఒక్కదానికే తెలుసు.

ఇరవై రెండేళ్ళ వయసులో అతను స్నేహితుడి కారు నేర్చుకోబోయాడు. రెండో రోజే బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కాడు. కారు ఒక్క దూకు దూకి, పేవ్‌మెంటెక్కి, ఓ టైలరు షాపు ముందున్న కుర్చీని నుగ్గునుగ్గు చేసి షట్టరుకి గుద్దుకుని ఆగింది. ఆ కుర్చీలో రోజూ టైలరు వాళ్ళ అమ్మ కూర్చునేది. నిమిషం కిందటే మంచినీళ్ళ కోసం లోపలికి వెళ్ళిందట. చేతిలో గ్లాసుతో గుమ్మంలోకి వచ్చి, ఆ చెక్కముక్కల్ని చూసి, తర్వాత ఇతన్ని చూసింది. తిట్టలేదు. ఆ ముసలావిడ తిట్టి ఉంటే బాగుండేదని అతనికి ఇప్పటికీ అనిపిస్తుంది. ఇరవై నాలుగేళ్ళు డ్రైవరు సీటు వైపు కన్నెత్తి చూడలేదు.

డ్రైవింగు స్కూల్లో చేరాడు. మాస్టారు మంచివాడే, నోరే పెద్దది. "ఏం సార్, అది క్లచ్ సార్, చీమ కాదు, తొక్కితే చావదు, తొక్కండి!" అని అరిచేవాడు. పళ్ళాయన అరచేతులు చెమటలు పట్టి స్టీరింగు మీద జారేవి. రాత్రి పడుకుంటే కాళ్ళు వాటంతటవే పెడల్స్ వెతుక్కునేవి. ల్యాబులో ఎప్పుడూ చెయ్యి వణకని మనిషి, ఒకనాడు పై వరస పళ్ళు కింద అచ్చుకి అమర్చి ఓనరు చేత చీవాట్లు తిన్నాడు. ఇరవై రోజులయ్యాక తెలిసిందేమిటంటే, మాస్టారి కాళ్ళ దగ్గర కూడా పెడల్స్ ఉన్నాయి, ఇన్నాళ్ళూ కారు నడుపుతున్నది ఆయనే.

టెస్టులో ఎత్తు మీద ఆపి, వెనక్కి జారకుండా కదిలించాలి. పళ్ళాయన ఆపాడు. కదిలించబోయాడు. కారు వెనక్కి జారింది. ఏ కాలు దేనిమీద ఉందో తెలియలేదు. కళ్ళ ముందు కుర్చీ ఒక్కటే ఉంది. టెస్టు పెట్టే ఆయన హ్యాండ్‌బ్రేకు లాగి, కాగితం మీద ఏదో గీకి, "మళ్ళీ రండి" అన్నాడు.

ఆ ఆదివారం బస్సమ్మ డిపో మేనేజరు దగ్గరికి వెళ్ళి, పాత బస్సులు పడేసే వెనక స్థలం తాళం అడిగి తెచ్చింది. చుట్టూ ప్రహరీ గోడ. లోపల టైర్లు లేని నాలుగు బస్సులు, మోకాలెత్తు గడ్డి. అక్కడ నడపడానికి లైసెన్సుల గొడవ లేదు. కారును మాస్టారే తెచ్చి లోపల పెట్టి వెళ్ళాడు.

బస్సమ్మ పక్క సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది. తర్వాత అడిగింది. "ఒక సంగతి చెప్పండి. భయమంటే ఎలా ఉంటుంది మీకు? నిజంగానే అడుగుతున్నా. నాకెప్పుడూ వెయ్యలేదు, తెలీదు."

పళ్ళాయన ఆలోచించాడు. "కాళ్ళు నావి కావనిపిస్తుంది. నాకు చెప్పకుండా అవేం చేసేస్తాయో అని."

"ఓహో. అయితే ముందు కాళ్ళతో మాట్లాడదాం. చెప్పులు విప్పండి."

ఇంజను ఆపేసి, ఆ పూటంతా ఒట్టి కాళ్ళతో బ్రేకు తొక్కించింది. బ్రేకు, వదులు, బ్రేకు, వదులు. రెండో పూట క్లచ్. మూడో పూటకి గానీ తాళం తిప్పనివ్వలేదు. ఆమె అరవలేదు. బస్సు నడిపేటప్పుడు తనలో తను ఎలా అనుకునేదో ఏమో, సన్నగా, ఎడతెగకుండా చెబుతూ పోయేది. "క్లచ్... సగం... ఆ, అక్కడే... వణికిందా? అది నువ్వు కాదు, ఇంజను... ఇప్పుడు హ్యాండ్‌బ్రేకు... వదులు... చూశావా, నీ మాట వింటోంది."

ఇరవై ఏళ్ళ కాపురంలో 'మీరు' తప్ప ఎరగని మనిషి క్లచ్ దగ్గరికొచ్చేసరికి 'నువ్వు'లోకి దిగిపోయింది. ఇద్దరూ గమనించారు. ఇద్దరూ ఏమీ అనుకోలేదు. కారు దిగగానే మళ్ళీ "ఏవండీ, ఆకలిగా ఉందా?" అనేది.

రెండు నెలలు తిరిగేసరికి పళ్ళాయన ఆ పాత బస్సుల చుట్టూ తిరిగాడు, వాటి మధ్యలోంచి వెనక్కి వచ్చాడు, స్థలం చివరన మట్టి దిబ్బ మీద ఆపి జారకుండా కదిలించాడు. భయం పోలేదు. పొద్దున్న లేస్తూనే ముందు అదే పలకరించేది. కానీ ఆమె గొంతు వినబడుతున్నంతసేపూ కాళ్ళు అతని మాట వినేవి. ఈలోగా ఆమెకి మళ్ళీ ఫిట్సు రాలేదు. మాత్రలు పడ్డాయనుకున్నారు.

టెస్టు ఇంకా పది రోజులుందనగా బస్సమ్మ, "రేపు రోడ్డు మీదికి వెళ్దాం" అంది.

"నీ లైసెన్సు ఆఫీసు వాళ్ళ దగ్గరుంది. పక్కన లైసెన్సున్న మనిషి ఉండాలి. మాస్టారితో వెళ్తాను."

"మాస్టారు పక్కనుంటే మీరు నడపరు, ఆయన నడుపుతాడు. ఆదివారం పొద్దున్న, పాల కేంద్రం దాకా. రోడ్డు మీద పురుగుండదు. ఒక్కసారి."

తప్పని ఇద్దరికీ తెలుసు. చిట్టిని పక్కింటి పిన్నిగారి దగ్గర వదిలి బయల్దేరారు.

వెళ్ళేటప్పుడు అంతా సవ్యంగా సాగింది. పాల కేంద్రం దగ్గర వెనక్కి తిప్పుకుని గుట్ట దిగువకి వస్తుండగా అద్దంలో లారీ కనబడింది. రోడ్డు సన్నం, పక్కన ఆపే చోటు లేదు. పళ్ళాయన స్టీరింగు బిగించి పట్టుకున్నాడు.

"వెనక లారీ ఉంది."

"ఉండనీ. దాని సంగతి అది చూసుకుంటుంది. నువ్వు ముందుకి చూడు... రెండో గేరు... ఆ... ముందు మలుపుంది. మలుపు రాకముందే బ్రేకు. మలుపులో మాత్రం..."

మాట ఆగిపోయింది.

"మలుపులో ఏంటి?" అన్నాడు.

జవాబు లేదు.

"మలుపులో ఏం చెయ్యాలి? ఏయ్, పలుకు!"

తల తిప్పే ధైర్యం లేదు. కంటి చివర నుంచి ఆమె చేతులు కనబడ్డాయి. వేళ్ళు సీటు బెల్టు మీద పాకుతున్నాయి, చొక్కా గుండీ తడిమినట్టు. పెదవులు చప్పరిస్తున్న చప్పుడు వినబడింది. టక్కుమని శబ్దం. బెల్టు ఊడింది. ఆ వేళ్ళు అక్కడినుంచి తలుపు మీదికి పోయి, పిడి కోసం తడుముకుని, లాగాయి.

పళ్ళాయన గట్టిగా అరిచాడు. ఏమని అరిచాడో తర్వాత గుర్తు లేదు. ఒక చెయ్యి స్టీరింగు మీద ఉంచి, రెండో చేత్తో ఆమె భుజం దగ్గర బట్ట గుప్పిట్లో బిగించి పట్టుకున్నాడు. మలుపు వచ్చేసింది. కారు బయటి అంచు వైపు ఒరిగింది. కింద లోయేమీ కాదు, ఓ కాలువ, కంచె, ఎవరివో ఇళ్ళు. ఆ ఇళ్ళ ముందు ఎవరో కూర్చుని ఉంటారని అతనికి తట్టింది. పొద్దుటెండలో కుర్చీ వేసుకుని. లారీ హారను చెవుల్లో మోగింది. ఒంటి చేత్తో స్టీరింగు లాగాడు, చాలలేదు, ఇంకా లాగాడు, పళ్ళ బిగువున లాగాడు. కంచె పక్కనుంచి, జానెడు దూరంలోంచి వెనక్కి పోయింది.

మలుపు తిరిగాక ఖాళీ బస్‌స్టాపు కనబడింది. బస్సు ఆగడానికి రోడ్డు కొంచెం లోపలికి ఉంది. అందులోకి కోసి, కాలు వేశాడు. వేసిన కాలు దేనిమీద పడుతుందో ఆ క్షణం దాకా తెలియదు. బ్రేకు మీదే పడింది. క్లచ్ తొక్కడం మర్చిపోయాడు. కారు ఎగిరెగిరి పడి, దగ్గి, ఆగిపోయింది. లారీ తిట్టుకుంటూ పక్కనుంచి పోయింది.

హ్యాండ్‌బ్రేకు లాగి, ఆమెను రెండు చేతులా పట్టుకుని గడియారం చూశాడు. అంకెలు కనబడుతున్నాయి గానీ బుర్రకెక్కడం లేదు. ఒక నిమిషం. నిమిషంన్నర. రెండో నిమిషం కావస్తుండగా ఆమె చేతులు ఆగాయి. గట్టిగా ఊపిరి తీసింది. అద్దంలోంచి బయటికి చూసి, బస్‌స్టాపు బోర్డు చూసి, నెమ్మదిగా అడిగింది.

"ఏ స్టాపిది?"

"పాల కేంద్రం తర్వాతది."

"లేటయ్యామా?"

"లేదు. టైముకే వచ్చాం" అన్నాడు.

కాసేపటికి ఆమెకు అంతా తెలిసొచ్చింది. ఊడిన బెల్టు చూసుకుంది, సగం తెరుచుకున్న తలుపు చూసింది, వెనక మలుపు చూసింది. "ఎవరాపారు?" అంది.

"నేనే."

అప్పుడామె చేతులు వణకడం మొదలయ్యాయి. ఇన్నేళ్ళలో ఆ చేతులు వణకడం అతనెప్పుడూ చూడలేదు. ఒడిలో ఒకదాన్నొకటి పట్టుకుని ఆపబోయింది. ఆగలేదు.

"ఇదా?" అంది. "భయమంటే ఇదా? ఇది పెట్టుకునా మీరు రోజూ ఈ సీట్లో కూర్చున్నది?"

అక్కడినుంచి అతను కారు తియ్యలేదు. తాళం వేసి, ఆమె చెయ్యి పట్టుకుని, వచ్చిన బస్సెక్కాడు. డ్రైవరు ఆమెను చూడగానే, "అక్కా! నువ్వేంటి, టిక్కెట్టు కొనుక్కునే బతుకైందా నీకు?" అన్నాడు నవ్వుతూ. తర్వాత మొహం చూసి నవ్వు ఆపేసి, వాళ్ళ గుట్ట దగ్గర స్టాపు లేకపోయినా బస్సాపాడు. సాయంత్రం మాస్టారు వెళ్ళి కారు తెచ్చాడు. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు, అంత నోరున్న మనిషి.

డాక్టరమ్మ మాత్రం వదల్లేదు. "ఇద్దరికీ బుద్ధుందా? చదువుకున్నవాళ్ళు! ఎవరి ప్రాణమైనా పోతే?" అని ఇద్దర్నీ నిలబెట్టి కడిగేసింది. ఇద్దరూ తలొంచుకుని విన్నారు. మాత్రలు మార్చింది. ఆ తర్వాత బస్సమ్మ నేర్పడానికి పక్క సీట్లో కూర్చోలేదు. అతను అడిగాడు కూడా, కనీసం డిపో వెనకాలైనా అని. "నా గొంతు మీద ఆధారపడకండి. అదెప్పుడు ఆగుతుందో నాకే తెలీదు" అంది. టెస్టు దాకా మిగిలిన రోజులన్నీ అతను మాస్టారి పక్కనే నడిపాడు. "మీ కాళ్ళు మీ సీటు కింద పెట్టుకోండి సార్, దయచేసి" అని బతిమాలి మరీ నడిపాడు.

టెస్టు రోజు పొద్దున్న రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. లైసెన్సు ఆఫీసు వరండాలో ముప్ఫై మంది కూర్చుని ఉన్నారు, అందరూ అతనికి పిల్లలయ్యే వయసువాళ్ళు. బస్సమ్మ బెంచీ మీద అతని పక్కనే కూర్చుంది గానీ మాట్లాడలేదు. పిలుపు వచ్చినప్పుడు మాత్రం చొక్కా కాలరు సరిచేసింది.

ఈసారి టెస్టు పెట్టేది ఒకావిడ. కళ్ళద్దాలు, ఒళ్ళో అట్ట, ఆ అట్ట మీద కాగితం.

"మేడం, చెప్పులు విప్పుకోవచ్చా?"

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. "జారని చెప్పులైతే విప్పక్కర్లేదు. విప్పితే సీటు కిందికి పోకుండా వెనక పడెయ్యండి."

బజారు దాటారు. స్కూలు ముందు నెమ్మదిగా పోయారు. రెండు కార్ల మధ్యకి వెనక్కి పెట్టమంటే పెట్టాడు, కొంచెం వంకరగా. తర్వాత అదే ఎత్తు. "ఇక్కడ ఆపండి. ఇప్పుడు కదలండి."

అద్దంలో వెనక ఇంకో కారు, దాని వెనక ఫుట్‌పాత్ మీద పుస్తకాల సంచీతో ఒక పాప. కాళ్ళు చల్లబడుతున్నాయి. ఈసారి చెప్పే గొంతు లేదు. రాదు కూడా. ఆ సంగతి అతనికి బాగా తెలుసు. తెలిసిన కొద్దీ భయం ఇంకా పెరిగింది. అలాగే, ఆ భయంతోనే, క్లచ్ పైకి రానిచ్చాడు. కారు వణికింది. హ్యాండ్‌బ్రేకు దింపాడు.

"ఏమన్నారు?" అంది ఆవిడ.

అప్పటికి గానీ అతనికి తెలియలేదు, తను పైకే మాట్లాడుతున్నాడని. "ఏం లేదండీ. కాళ్ళతో మాట్లాడుతున్నాను."

"అవి వింటున్నాయా?"

"ఇవాళ వింటున్నాయండీ."

కారు ముందుకే కదిలింది. ఆవిడ కాగితం మీద గుర్తు పెట్టింది. నవ్విందో లేదో అతను చూడలేదు, రోడ్డు చూస్తున్నాడు.

లైసెన్సు చేతికొచ్చిన రోజు చిట్టి దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఫొటోలో దొంగలా ఉన్నావు నాన్నా" అంది. చాలా రోజుల తర్వాత అతని భుజానికి ఆనుకుని కూర్చుని అంది ఆ మాట.

నెల తర్వాత బస్సమ్మను ఆస్పత్రికి చూపించి తీసుకొస్తున్నాడు. మందులు బాగా పనిచేస్తున్నాయని డాక్టరమ్మ చెప్పింది. సాయంత్రం నాలుగు గంటలు, వాహనాల రద్దీ. బస్సమ్మ ఆస్పత్రి గేటు దగ్గర్నుంచీ డిపో కబుర్లు చెబుతోంది. కొత్తగా వచ్చిన పిల్ల డ్రైవరు గురించి, ఆ పిల్లకి తను నేర్పిన కిటుకుల గురించి. సిగ్నలు దాటాక మాట ఆగింది.

"ఆ తర్వాత?" అన్నాడు పళ్ళాయన.

జవాబు లేదు.

ఆమె చేతుల వైపు చూశాడు. ఒళ్ళో ఉన్నాయి, కదలడం లేదు. అద్దం చూశాడు, ఇండికేటరు వేశాడు, పక్కకి తీశాడు, క్లచ్ తొక్కి, బ్రేకు వేసి, ఆపాడు. వెనక ఎవడో హారను కొట్టాడు. బెల్టు విప్పుకుని ఆమె మొహం మీదికి వంగాడు.

కళ్ళు మూసుకుని ఉన్నాయి. నోరు కొంచెం తెరుచుకుంది. సన్నగా గురక పెడుతోంది.

పళ్ళాయన స్టీరింగు మీద తల ఆనించి కాసేపు అలాగే ఉండిపోయాడు.

"ఎందుకాపావు?" కళ్ళు తెరవకుండానే అడిగింది బస్సమ్మ.

"ఊరికే."

"ఊరికే ఆపకూడదు. వెనకాల వాళ్ళు తిడతారు" అని అటు తిరిగి, తల తలుపుకి ఆనించి మళ్ళీ నిద్రలోకి జారుకుంది.

అతను బెల్టు పెట్టుకున్నాడు. అద్దం చూశాడు. ఖాళీ దొరికేదాకా ఆగి, కారును రోడ్డు మీదికి తీశాడు.